నవలాకారుడూ చరిత్రకారుడూ ఒక్కరే అయినప్పుడు ఆయన కాగితాలను రెండుగా విడదీయవచ్చునా?

ప్రశ్న: బసవనగుడి పాఠకురాలు

అందరికీ నమస్కారం. మా చిన తాతగారు బెంగళూరులోని ఒక కళాశాలలో చరిత్ర బోధించేవారు. సెలవు దొరికితే చాలు, కోలారు, హొసకోటె, చిక్కబళ్లాపురం వైపు పల్లెల్లో తెలుగు, కన్నడ శాసనాలనూ వీరగల్లులనూ (పోరాడి చనిపోయిన వీరుల జ్ఞాపకార్థం నిలిపిన రాళ్లనూ) వెదుకుతూ తిరిగేవారు. అదే మనిషి 1960లలోనూ 70లలోనూ కలంపేరుతో పద్నాలుగు అపరాధ పరిశోధక నవలలు రాశారు. ఈ రెండో సంగతి ఆయనతో పనిచేసిన వారిలో చాలామందికి చివరి వరకూ తెలియదు. ఇప్పుడు ఆయన ఇంటిని మా కుటుంబం అమ్మివేసింది, రెండు నెలల్లో ఖాళీ చేసి తాళాలు అప్పగించాలి. మేడమీది గదిలో ఐదు ఇనుప ట్రంకుపెట్టెల నిండా ఆయన కాగితాలు ఉన్నాయి.

మా బాబాయిగారి ఆలోచన ఇది. చరిత్రకు సంబంధించినవి ఏదైనా విశ్వవిద్యాలయానికి ఇవ్వాలి, నవలల రాతప్రతులు ఎవరైనా ప్రచురణకర్త మళ్లీ అచ్చు వేస్తానంటే వారికి అప్పగించాలి, మిగిలిన చిల్లర కాగితాలన్నీ పాత పేపర్లవారికి వేసేయాలి. వినడానికి ఇందులో తప్పేమీ కనిపించదు, బాబాయి మీద నాకు ఫిర్యాదూ లేదు, ఇల్లు ఖాళీ చేసే బాధ్యతంతా ఆయన ఒక్కరి మీదే పడింది. అయితే గత ఆదివారం మూడు పెట్టెలు తెరిచి చూసిన తర్వాత ఆ విభజన ఎలా చేయాలో నాకు అర్థం కాలేదు.

ఒక నోటు పుస్తకంలో ఎడమ పేజీల మీద శాసనపాఠాలు ఉన్నాయి, కుడి పేజీల మీద ఒక నవల కథాక్రమం ఉంది. ఒక పల్లెలోని వీరగల్లు చుట్టూ కొలతలతో గీసిన పటం ఉంది, అదే పటం నాలుగు పేజీల తర్వాత హత్య జరిగిన స్థలంగా మారి, ఎవరు ఎటు నుంచి వచ్చారో చూపే బాణపు గుర్తులతో మళ్లీ కనిపిస్తుంది. శాసనాల మీద తడి కాగితం అద్ది సిరాతో తీసిన అచ్చుల చుట్టల్లో పాఠకుల ఉత్తరాలు చుట్టి ఉన్నాయి. దీన్ని చరిత్ర కింద లెక్కించాలా, నవల కింద లెక్కించాలా?

మరొక విషయం నన్ను ఇంకా ఆపింది. మూడో పెట్టెలో బార్బరా మెర్ట్జ్ అనే అమెరికన్ ఈజిప్టు చరిత్రకారిణి 1964లో ప్రచురించిన ‘టెంపుల్స్, టూంబ్స్ అండ్ హైరోగ్లిఫ్స్’ దొరికింది. పేజీల అంచుల్లో పెన్సిలుతో తాతగారి రాతలు ఉన్నాయి. మొదటి ఖాళీ పేజీ మీద, ‘ఈమె వేరే పేరుతో నవలలు కూడా రాస్తున్నదట’ అని రాసి, కింద గీత గీశారు. ఎలిజబెత్ పీటర్స్ అనే పేరుతో వచ్చిన ఆమె నవలలు నేను కాలేజీ రోజుల్లో వరుసగా చదివాను. ఆ రచయిత్రీ ఈ పుస్తకం రాసిన పండితురాలూ ఒకరేనని నాకు తెలిసింది తర్వాత చాలా ఏళ్లకు. తాతగారికి ముందే తెలుసు. ఆయన చివరి నవల అసంపూర్తిగా ఉంది, హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఉన్న ఈజిప్టు మమ్మీ చుట్టూ కథ నడుస్తుంది. ఆ గీత గీసినప్పుడు ఆయన ఏమి అనుకుని ఉంటారో నేను ఊహించగలను, కానీ ఊహ బాబాయిగారిని ఒప్పించదు.

పండితులూ నవలాకారులూ అయినవారి కాగితాలను పెద్ద గ్రంథాలయాలు ఎలా భద్రపరుస్తాయో తెలిసినవారు దయచేసి చెప్పండి. విడదీయవచ్చునా? విడదీయకూడదంటే, ఎందుకు కూడదో బాబాయిగారికి చెప్పగలిగే మాటల్లో చెప్పండి.

జవాబు 1: పత్రపాలకుడు

అమ్మా, నేను ముప్పయ్యేళ్లు ఈ ఉద్యోగమే చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ముందుగా ఒక్క మాట చెబుతాను, ఇంకా ఏ పెట్టెలోనుంచీ ఒక్క కాగితాన్ని కూడా స్థానం మార్చకండి. ఇప్పటికే మార్చి ఉంటే, ఏది ఎక్కడ నుంచి తీశారో గుర్తున్నంత వరకు ఈరోజే రాసి పెట్టుకోండి.

మీ తాతగారు శాసనాలు చదివినవారు కనుక ఆయన వృత్తి నుంచే ఉదాహరణ ఇస్తాను, బాబాయిగారికి కూడా అదే చెప్పండి. పొలంలో దొరికిన ఒక వీరగల్లును పెకలించి తెచ్చి మ్యూజియం వరండాలో నిలబెడితే రాయి మిగులుతుంది గాని, అది ఏ ఊరి ఏ పొలిమేరలో ఏ చెరువుగట్టు మీద ఏ దిక్కుకు తిరిగి ఉన్నదో ఎవరూ రాయకపోతే, ఆ వీరుడు ఏ పశువుల కోసం ఎక్కడ పోరాడి చనిపోయాడో చెప్పే సాక్ష్యంలో సగం పోతుంది. ఈజిప్టులో ఇదే పాఠాన్ని ఫ్లిండర్స్ పెట్రీ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త తన తరం వారికి నేర్పాడు. అంతకు ముందు తవ్వకాలంటే బంగారం, విగ్రహాలు, పెద్ద శాసనాలు. ఆయన కుండల పెంకుముక్కలను కూడా ఏ సమాధిలో ఏ వస్తువుల పక్కన దొరికాయో నమోదు చేసి, వాటి ఆకారాల్లో వచ్చిన మార్పుల వరుసను బట్టి, రాత పుట్టకముందటి సమాధులకు సైతం ముందువెనుకల క్రమం కట్టగలిగాడు. ఒక్కొక్క పెంకుకు విడిగా ఏ విలువా లేదు, పక్కన ఏమున్నదో తెలిసినప్పుడే దానికి నోరు వస్తుంది.

కాగితాల విషయంలో మా వృత్తి పాటించే రెండు సూత్రాలు అచ్చంగా ఇవే. ఒకరి దగ్గరి నుంచి వచ్చిన కాగితాలను మరొకరి కాగితాలతో కలపకూడదు. ఆ మనిషి ఏ వరుసలో ఉంచుకున్నారో ఆ వరుసను చెరపకూడదు. విషయాన్ని బట్టి సర్దడం గ్రంథాలయానికి సరిపోతుంది, ఎందుకంటే అచ్చుపుస్తకం ఎక్కడ ఉన్నా అదే పుస్తకం. రాతకాగితం అలా కాదు. పాఠకుల ఉత్తరాలు శాసనపు అచ్చుల్లో చుట్టి ఉన్నాయన్నారు. ఆ రెండింటినీ వేరు చేసి రెండు ఊళ్లకు పంపితే, ఆ ఉత్తరాలు ఆయన పల్లెల్లో తిరిగే సంచిలో ప్రయాణం చేశాయేమోనన్న అనుమానం కూడా ఇక ఎవరికీ రాదు.

మరింత పెద్ద ఉదాహరణ కావాలంటే ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధి ఉన్నది. 1922లో ఆ సమాధి బయటపడ్డాక తవ్వకాలు నడిపిన హోవర్డ్ కార్టర్ వస్తువులను 1 నుంచి 620 వరకు వరుస సంఖ్యల కింద నమోదు చేశాడు. వస్తువు వివరాలున్న కార్డు మీదా, దాన్ని కదిలించకముందు హ్యారీ బర్టన్ తీసిన ఫోటోలోనూ అదే సంఖ్య కనిపిస్తుంది. కార్టర్ మరణించిన తర్వాత ఆయన మేనకోడలు ఆ నమోదు పత్రాలన్నింటినీ ఆక్స్‌ఫర్డ్‌లోని గ్రిఫిత్ ఇన్‌స్టిట్యూట్‌కు ఇచ్చింది. ఈరోజు బెంగళూరులో కూర్చున్న మీరు కూడా వాటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. ఆమె బొమ్మలను ఒకరికీ కార్డులను మరొకరికీ పంచి ఉంటే ఆ సంఖ్యలకు అర్థమే ఉండేది కాదు.

ఇక చేయవలసిన పని. ప్రతి పెట్టెనూ మూత తీయగానే పైనుంచి ఒక ఫోటో తీయండి, తర్వాత ఒక్కో పొర ఎత్తే ముందు మరొకటి తీయండి. పెట్టెకు ఒక సంఖ్య, అందులోని కట్టకు ఒక సంఖ్య, కట్టలోని కాగితానికి మెత్తని పెన్సిలుతో మూలన ఒక సంఖ్య వేయండి. పెన్నుతో ఎప్పుడూ వేయకండి. తుప్పు పట్టిన గుండుసూదులను, క్లిప్పులను తీసేయవచ్చు గాని, ఆ సూది ఏయే కాగితాలను కలిపి ఉంచిందో వాటిని మడిచిన తెల్ల కాగితంలో కలిపే ఉంచండి. చిరుగులకు సెల్లోటేపు అంటించవద్దు, పదేళ్లకు జిగురు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. పాత వార్తాపత్రికల ముక్కల్లో ఆమ్లం ఎక్కువ, తాకిన ప్రతి కాగితానికీ గోధుమ రంగు మరక పడుతుంది, కాబట్టి మధ్యలో ఆమ్లం లేని కాగితం పెట్టి అదే స్థానంలో ఉంచండి. కలరా ఉండలు వేయాలనిపిస్తుంది, కానీ ఆ వాసన మూసిన గదిలో పనిచేసేవారికి మంచిది కాదు. చెదలు, వెండిరంగు పురుగులు ఉంటే ఆ పెట్టెను ముందు మిగిలిన నాలుగింటికీ దూరంగా మరో గదిలోకి మార్చండి. వానాకాలపు తేమ గోడల నుంచి కూడా ఎక్కుతుంది, కాబట్టి పెట్టెలను గోడకు జానెడు దూరంలో, నేలకు ఎత్తుగా పీటల మీద ఉంచండి.

జవాబు 2: నైలు తీరం

బార్బరా మెర్ట్జ్ పేరు చూసి ఆగిపోయాను. మీ తాతగారు గీసిన ఆ గీత వెనక ఎంత కథ ఉన్నదో ఆమె జీవితం తెలిసినవారికి అర్థమవుతుంది.

ఆమె 1927లో ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టింది, షికాగో విశ్వవిద్యాలయంలో ఈజిప్టు చరిత్ర చదివి 1952లో డాక్టరేటు పొందింది. ప్రాచీన ఈజిప్టు రాణుల బిరుదులకూ సింహాసనపు వారసత్వపు హక్కుకూ ఉన్న సంబంధం ఆమె పరిశోధనాంశం. ఆ రోజుల్లో ఆ చదువు చదివిన స్త్రీకి విశ్వవిద్యాలయంలో ఉద్యోగం దొరకడం చాలా కష్టం, ఆమెకు దొరకలేదు. పెళ్లి, ఇద్దరు పిల్లలు, తర్వాత రచన. సొంత పేరుతో ఈజిప్టు మీద రాసిన పుస్తకాలు మీ తాతగారి పెట్టెలోది మొదటిది, 1966లో వచ్చినది రెండోది. అదే 1966లో బార్బరా మైకేల్స్ అనే పేరుతో మొదటి నవల వచ్చింది. 1968 నుంచి ఎలిజబెత్ పీటర్స్ అనే మూడో పేరు చేరింది, ఆ పేరు తన పిల్లలు ఎలిజబెత్, పీటర్‌ల పేర్లను కలిపి పెట్టుకున్నది. ఒకే చెయ్యి, మూడు పేర్లు. 1998లో అమెరికా మిస్టరీ రచయితల సంఘం ఆమెను గ్రాండ్ మాస్టర్‌గా గౌరవించింది. 2013లో ఆమె మరణించింది.

ఇప్పుడు ఆమె కాగితాలను మీ బాబాయిగారు చెప్పిన పద్ధతిలో విడదీస్తే ఏమవుతుందో ఆలోచించండి. 1975లో ‘క్రోకడైల్ ఆన్ ది శాండ్‌బ్యాంక్’తో మొదలైన అమీలియా పీబాడీ నవలల్లో తవ్వకాల స్థలాలు, తేదీలు, ఆనాటి పురావస్తు శాఖాధిపతుల కోపతాపాలు చాలావరకు చరిత్రలో ఉన్నవే. పీబాడీ భర్త ఎమర్సన్ పెంకుముక్కను కూడా వదలడు, దొంగతనంగా తవ్వేవారినీ, తొందరపడి తవ్వేవారినీ ఒకే నోటితో తిడతాడు. పై జవాబులో పెద్దలు చెప్పిన పెట్రీ నీడ ఆ పాత్ర మీద స్పష్టంగా కనిపిస్తుంది. అటువంటి నవలకు చేసిన చిత్తు నోట్సు పాండిత్యమా, కల్పనా? ఒక ఫరో పాలనాకాలం గురించి ఆమె ఒక పేజీలో తేల్చుకున్నది తన చరిత్ర పుస్తకానికీ నవలకీ రెండింటికీ పనికి వచ్చి ఉండవచ్చు. ఆ పేజీ ఏ పెట్టెలోకి వెళ్లాలి?

నాకు అన్నింటికంటే ఆశ్చర్యం కలిగించేది మరొకటి. ఆ నవలలన్నీ అమీలియా పీబాడీ దినచర్యలు ఎవరికో దొరికితే, ఒక సంపాదకుడో సంపాదకురాలో వాటిని పరిష్కరించి ప్రకటిస్తున్నట్టుగా నడుస్తాయి. 1997లో వచ్చిన నవల నుంచి పీబాడీ కొడుకు రామ్‌సెస్ వైపు కథను చెప్పే ‘మాన్యుస్క్రిప్ట్ హెచ్’ అనే రాతప్రతి మధ్యమధ్య చేరుతుంది, కొన్ని ఉత్తరాల కట్ట కూడా వస్తుంది. తర్వాతి నవలల్లో రెండు, మధ్యలో పోయి మళ్లీ దొరికిన దినచర్యల పేరుతో, కాలక్రమంలో వెనక్కి వెళ్లి ఖాళీలు పూరిస్తాయి. అంటే, ఏళ్ల తరబడి పత్రాగారం ఆకారంలోనే కల్పన అల్లిన రచయిత్రి మెర్ట్జ్. ఏ కాగితం పక్కన ఏది ఉన్నదో, ఏది తప్పిపోయిందో, ఎవరు దాచారో అన్న ఆసక్తి లేని మనిషి అలా రాయలేదు. అలాంటి మనిషి కాగితాలను వరుస చెరిపి పంచడం ఆమె నవలల అధ్యాయాలను విడదీసి పంచడంతో సమానమని నా నమ్మకం.

మీ తాతగారి అసంపూర్తి నవల గురించి కూడా చెప్పాలి. మెర్ట్జ్ మరణించే నాటికి ‘ది పెయింటెడ్ క్వీన్’ అనే నవల సగంలో ఉంది. ఈజిప్టు రాణి నెఫర్టిటి శిల్పం అమర్నాలో దొరికిన 1912 నాటి తవ్వకాల చుట్టూ నడిచే కథ అది. ఆమె స్నేహితురాలైన జోన్ హెస్ అనే మరో మిస్టరీ రచయిత్రి దాన్ని పూర్తి చేయగా 2017లో వెలువడింది. రచయిత లేనప్పుడు ఆగిన చోటు నుంచి మరొకరు ముందుకు వెళ్లాలంటే మిగిలిన కాగితాలే దారి చూపాలి. మీ ఇంట్లోని మమ్మీ నవలకు రేపు అలాంటి స్నేహితులు ఎవరైనా దొరకవచ్చు. వారికి నవల రాతప్రతి ఒక్కటే సరిపోదు, ఎడమ పేజీలు కూడా కావాలి.

జవాబు 3: శాసనాభిమాని

పై ఇద్దరి మాటలతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక భిన్నాభిప్రాయం చెప్పదలచుకున్నాను. విడదీయడమే నాశనం అన్నట్టు మాట్లాడుకుంటే, అన్నీ ఒకేచోట తీసుకునే సంస్థ దొరకక, చివరికి ఐదు పెట్టెలూ ఎవరింటి అటక మీదనో చెదలపాలు అవుతాయి. అలా పోయిన సేకరణలు నేను చూశాను.

అమీలియా పీబాడీకి పేరు ఇచ్చిన అసలు మనిషినే చూడండి. అమీలియా ఎడ్వర్డ్స్ ఇంగ్లండులో పేరున్న నవలా రచయిత్రి. 1873–74 శీతాకాలంలో నైలు మీద పడవ ప్రయాణం చేసి వచ్చాక ఆమె జీవితం మారిపోయింది. 1882లో ఈజిప్టు తవ్వకాల నిధిని స్థాపించినవారిలో ఆమె ముఖ్యురాలు, ఆ తర్వాత నవలలు మానివేసి దానికే అంకితమైంది. 1892లో మరణిస్తూ తన పురావస్తువుల సేకరణను, ఒక ఆచార్య పీఠానికి కావలసిన ధనాన్ని లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి రాసి ఇచ్చింది, స్త్రీలకు పురుషులతో సమానంగా డిగ్రీలు ఇచ్చే కళాశాల కావడమే ఆ ఎంపికకు కారణం. ఆ పీఠంలో మొదటి ఆచార్యుడు పెట్రీ. ఆమె పుస్తకాలూ కాగితాలూ మాత్రం ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్ కళాశాలకు చేరాయి, అప్పట్లో అది స్త్రీల కళాశాల. రెండూ రెండు ఊళ్లలో ఉన్నాయి, రెండూ భద్రంగానే ఉన్నాయి. ఎందుకంటే పంచినది ఆమె స్వయంగా, ఏది ఎవరికి ఎందుకు అన్నది తెలిసి పంచింది. కనుక విడదీయవలసి వస్తే విడదీయండి, కాని పత్రపాలకుడుగారు చెప్పిన సంఖ్యలు వేసి, ఐదు పెట్టెలకూ కలిపి ఒకే జాబితా తయారు చేసి, ఆ జాబితా ప్రతిని ప్రతి సంస్థకూ ఇచ్చిన తర్వాతనే విడదీయండి.

నేను గట్టిగా వ్యతిరేకించేది బాబాయిగారి మూడో మాటను, పాత పేపర్లవారికి వేయడాన్ని. 1921–22లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తరఫున హెర్బర్ట్ విన్‌లాక్ బృందం ఈజిప్టులోని డెయిర్ ఎల్-బహారీ దగ్గర ఒక సమాధిలో కొన్ని పపైరస్ (ప్రాచీన ఈజిప్టువారు కాగితంగా వాడినది) ముక్కలు కనుగొన్నది. హెకనఖ్త్ అనే సాధారణ భూస్వామి దాదాపు 4000 సంవత్సరాల క్రితం రాయించిన ఉత్తరాలూ లెక్కలూ అవి. ఎవరికి ఎంత ధాన్యం కొలవాలి, కౌలు ఎలా కట్టాలి, తన కొత్త భార్యను ఇంట్లో ఎవరు అవమానిస్తున్నారు అన్న గొడవలు. ఒక ఉత్తరం విప్పకుండా ముద్రతోనే దొరికింది. ఆనాటి ఎవరో పనికిరావని పారవేసిన ఈ చిల్లర కాగితాల వల్లనే ఆ కాలపు ఒక ఇల్లు లోపల ఎలా నడిచిందో మనకు తెలుస్తున్నది. అగాథా క్రిస్టీ తన స్నేహితుడైన ఈజిప్టు చరిత్రకారుడు స్టీఫెన్ గ్లాన్‌విల్ ప్రోత్సాహంతో వీటిని ఆధారం చేసుకుని 1944లో ప్రాచీన ఈజిప్టులో జరిగే హత్యల నవల ఒకటి రాసింది. మీ తాతగారి పాలలెక్కలు, బస్సు టిక్కెట్లు, ప్రచురణకర్త పంపిన మనియార్డరు రసీదులు ఇంతకంటే తక్కువవని ఎవరు చెప్పగలరు?

బసవనగుడి పాఠకురాలు

శాసనాభిమానిగారూ, మీ హెకనఖ్త్ ఉత్తరాల సంగతి నిన్న రాత్రి బాబాయిగారికి ఫోనులో చదివి వినిపించాను. కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘మనియార్డరు రసీదులు ఉన్నాయా? ఆయనకు ఒక్కో నవలకు ఎంత ఇచ్చేవారో మా నాన్న ఎప్పుడూ అడుగుతుండేవాడు’ అన్నారు. రసీదులు ఉన్నాయి. పేపర్లవారి మాట ఇక రాదు.

జవాబు 4: మల్లేశ్వరం న్యాయవాది

ఎవరికి ఇచ్చినా కాగితం ఇవ్వడం వేరు, కాపీరైటు ఇవ్వడం వేరు అని మొదట గుర్తుంచుకోండి. 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం ఆరంభం నుంచి 60 సంవత్సరాల వరకు ఆయన సొంత పేరుతో వచ్చిన రచనల మీద హక్కు వారసులకు ఉంటుంది. కలంపేరుతో వచ్చిన రచనలకు, అసలు రచయిత ఎవరో గడువులోగా వెల్లడి కాకపోతే, 60 సంవత్సరాలను ప్రచురణ తర్వాతి సంవత్సరం నుంచే లెక్కిస్తారు. రచయిత మరణానంతరం మొదటిసారి ప్రచురించిన రచన అయితే ఆ 60 సంవత్సరాలూ ప్రచురణ తర్వాతి సంవత్సరం నుంచి లెక్కించాలి. కాబట్టి ఆ మమ్మీ నవలను ఎవరైనా అచ్చు వేస్తే దాని లెక్క మిగిలిన పద్నాలుగు నవలల లెక్క కాదు, ప్రచురణకర్తతో ఒప్పందం రాసుకునేటప్పుడు దీన్ని విడిగా పేర్కొనండి.

తాతగారు వీలునామా రాశారేమో తప్పక చూడండి. ప్రచురించని రచన రాతప్రతిని వీలునామా ద్వారా ఒకరికి ఇస్తే, వేరే ఉద్దేశం రాయనంత వరకు కాపీరైటు కూడా వారికే చెందుతుంది. వీలునామా లేకపోతే వారసులందరి సంతకాలూ అవసరం. పాఠకులూ స్నేహితులూ ఆయనకు రాసిన ఉత్తరాల కాగితం మీది, కానీ అందులోని రచన మీద హక్కు రాసినవారిది. వాటిని గ్రంథాలయంలో భద్రపరచడానికి అభ్యంతరం ఉండదు, పుస్తకంలో మొత్తంగా అచ్చు వేయాలంటే రాసినవారినో వారి వారసులనో అడగాలి.

సంస్థతో దానపత్రం రాసుకునేటప్పుడు సేకరణను పూర్తిగా ఉంచాలని, తమకు అవసరం లేని భాగాన్ని తీసివేసే ముందు కుటుంబానికి తెలియజేయాలని ఒక నిబంధన పెట్టించండి. ఎవరి వ్యక్తిగత విషయాలైనా ఉన్న ఉత్తరాలను కొన్నేళ్ల పాటు తెరవకూడదని కూడా నిబంధన పెట్టవచ్చు.

జవాబు 5: పత్రపాలకుడు

శాసనాభిమానిగారి అభ్యంతరం న్యాయమైనదే. అమీలియా ఎడ్వర్డ్స్ తానే పంచింది, ఆ తేడా ముఖ్యమని ఆయనే చెప్పారు. నేను జోడించేది ఒక్కటే. మొత్తంగా తీసుకునేవారు దొరకరని ముందే నిశ్చయించుకోకండి. కొట్టైయూరులో రోజా ముత్తయ్య చెట్టియారుగారు జీవితమంతా పోగుచేసిన తమిళ పుస్తకాలూ పత్రికలూ ఆయన 1992లో మరణించాక చెల్లాచెదురు అయ్యేవే. షికాగో విశ్వవిద్యాలయం సేకరణ మొత్తాన్నీ కొని, దేశం దాటించకుండా చెన్నైలోనే 1994లో గ్రంథాలయంగా నిలబెట్టింది. మెర్ట్జ్ చదివిన విశ్వవిద్యాలయం అదే కావడం మీ తాతగారికి తెలిస్తే సంతోషించేవారు.

బెంగళూరులోనే ఒక పత్రాగారం ఎలా పనిచేస్తుందో కళ్లతో చూడాలంటే బళ్లారి రోడ్డులో జాతీయ జీవవిజ్ఞాన కేంద్రం ఆవరణలో 2019లో మొదలైన ఆర్కైవ్స్‌కు వెళ్లి రండి. అది విజ్ఞానశాస్త్ర చరిత్రకు సంబంధించినది కనుక మీ పెట్టెలకు చోటు కాకపోవచ్చు, కానీ జాబితా ఎలా రాస్తారో, కాగితాలను ఏ పెట్టెల్లో ఎలా పెడతారో అక్కడ నేర్చుకోవచ్చు. శాసనాల విషయంలో 1909 నుంచి ఉన్న నృపతుంగ రోడ్డులోని మిథిక్ సొసైటీ వారు బెంగళూరు ప్రాంతపు శాసనాలను త్రీడీ స్కానింగ్ చేయించారు. మీ తాతగారు తీసిన అచ్చుల్లో ఇప్పుడు రాయి కనిపించకుండా పోయిన శాసనం ఒక్కటి ఉన్నా అది వారికి చాలా ముఖ్యం, అచ్చులు ఇవ్వకపోయినా వాటి ఫోటోలు చూపించండి.

బసవనగుడి పాఠకురాలు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. మూడు పెట్టెల జాబితా పూర్తయింది. మొదటి శనివారం ఒక్కదాన్నే కూర్చున్నాను, రెండో శనివారం నుంచి బాబాయిగారు హైదరాబాదు నుంచి వచ్చి నాతోపాటు కూర్చుంటున్నారు. ఆయన చదివి చెబుతారు, నేను సంఖ్య వేసి రాసుకుంటాను. వీలునామా దొరకలేదు, వారసులం ఏడుగురం, సంతకాలకు అందరూ ఒప్పుకున్నారు.

వరుస చెరపవద్దని మీరు చెప్పినందువల్ల దొరికిన ఒక విషయం చెప్పాలి. మమ్మీ నవల రాతప్రతి పదమూడో అధ్యాయం మధ్యలో ఆగిపోతుంది. మ్యూజియం గదిలో రాత్రి ఎవరున్నారో తెలియక కథ అక్కడే నిలిచిపోయింది. ఆ రాతప్రతి రెండో పెట్టెలో ఉంది. అయితే మూడో పెట్టెలో, మెర్ట్జ్ పుస్తకానికి సరిగ్గా కింద, ఒక శాసనాల నోటు పుస్తకం ఉంది. దాని కుడి పేజీలు ఖాళీగా ఉన్నాయి. చివరి ఎడమ పేజీలో మాత్రం ఒక గది పటం ఉంది, అందులో మమ్మీ పేటికకు, కిటికీకి, కాపలాదారు స్టూలుకు మధ్య దూరాలు అడుగుల్లో రాసి ఉన్నాయి. పేజీకి బెంగళూరు నుంచి హైదరాబాదుకు వెళ్లిన రైలు టిక్కెట్టు గుండుసూదితో గుచ్చి ఉంది. పటంలో స్టూలు దగ్గర ఒక చిన్న ‘రెండు’ అంకె ఉంది, కిటికీ దగ్గర ‘ఒకటి’ ఉంది. వీరగల్లు పటాల్లో ఆయన దాడి చేసినవారు వచ్చిన వరుసను సూచించడానికి ఇవే అంకెలు వాడారు. బాబాయిగారు ఆ పేజీని చాలాసేపు చూసి, ‘అయితే కాపలాదారు తర్వాత వచ్చాడన్నమాట’ అన్నారు. మేము ఆ నోటు పుస్తకాన్ని చరిత్ర కట్టలో వేసి పంపి ఉంటే ఆ అంకెలను చదవగలిగేవారు ఎవరూ ఉండేవారు కాదు.

గుండుసూది తుప్పు పట్టింది. పత్రపాలకుడుగారు చెప్పినట్టే తీసి, టిక్కెట్టునూ పేజీనీ ఒకే తెల్ల కాగితంలో మడిచి, పెట్టె 3, కట్ట 7 అని రాశాము. ఈ శనివారం నాలుగో పెట్టె తెరుస్తున్నాము.